పన్ను కట్టిన వైరు

శనివారం పొద్దున ఏడింటికి హార్డ్‌వేర్ దుకాణం తలుపులు తెరిచేసరికి బయట నలభై మంది దాకా నిలబడి ఉన్నారు. ఏప్రిల్ చివరి వారం. శని, ఆది, సోమవారాలు మూడు రోజులూ తుఫాను సామాన్ల మీద టెక్సస్ ప్రభుత్వం అమ్మకపు పన్ను తీసుకోదు. సాల్ట్ పాయింట్ జనం క్రిస్మస్ రోజైనా ఆలస్యంగా లేస్తారేమో గానీ, ఈ మూడు రోజులూ మాత్రం కాఫీ కప్పులు చేత పట్టుకుని తెల్లవారకుండానే వచ్చి వరస కడతారు. జూన్ నెల వచ్చిందంటే సముద్రం ఎప్పుడు ఎవరి గడప తొక్కుతుందో తెలియదు. ఆ సంగతి ఈ ఊళ్ళో ఒకరు చెబితే ఇంకొకరు వినాల్సిన అవసరం లేదు.

రెండో కౌంటరు వెర్నాది. యాభై రెండేళ్ళ మనిషి, మాట తక్కువ, చెయ్యి చురుకు. పన్ను లేని సరుకుల జాబితాను ప్లాస్టిక్ కవరులో పెట్టి గల్లాపెట్టె పక్కన అతికించుకుంది. అది రాసిన మహానుభావుడెవరో గానీ ఒక్క తుఫానునైనా కళ్ళతో చూసినవాడు కాడని ఆమె నమ్మకం. గొడ్డలికి పన్ను లేదు, చెట్లు కోసే మోటారు రంపానికి ఉంది. టార్చిలైటు బాటరీకి లేదు, కారు బాటరీకి ఉంది. ఐస్ పెట్టె డెబ్బై అయిదు డాలర్ల లోపుదైతే లేదు, డెబ్బై ఆరుదైతే మొత్తం మీద ఉంది. జనరేటరుకు మాత్రం మూడు వేల లోపు దాకా వదిలేశారు.

"అంటే చెట్టు నా ఇంటి మీద పడితే గొడ్డలి పుచ్చుకుని నరుక్కోమంటారా?" అన్నాడు రంపం కొనడానికి వచ్చినాయన.

"ఒంటికి మంచిదే లెండి," అంది వెర్నా, పన్నుతో సహా బిల్లు కొడుతూ.

తొమ్మిదింటికి యూలలీ బడో వచ్చింది. డెబ్బై దాటిన మనిషి. మోకాళ్ళ దాకా తెల్ల రబ్బరు బూట్లు, నెత్తిన మొగుడి టోపీ. మూడు తరాలుగా రొయ్యల పడవల మీద బతికిన ఇల్లు వాళ్ళది. ఆమె వీధి చివరనే ట్రెయిలరు ఇంట్లో వెర్నా తన తల్లితో ఎనిమిది నెలలుగా ఉంటోంది. ఎదురుపడితే తల ఊపడమే తప్ప నిలబడి నాలుగు మాటలు మాట్లాడుకున్న పాపాన పోలేదు. తప్పు ఎవరిదీ కాదు. పొద్దున్నే పనికి నడిచి రావడం, పొద్దుగూకాక నడిచి ఇంటికి పోవడం, తల్లికి ఇన్సులిన్ పొడవడం, పడుకోవడం. వెర్నాకు ఇరుగుపొరుగు అన్నది పట్టించుకునే తీరిక ఎక్కడిది.

యూలలీ సరుకులన్నీ కౌంటరు మీద బారుగా పేర్చింది. పెట్రోలు డబ్బాలు, బాటరీలు, విషవాయువు పసిగట్టి మోగే గంట, ఒక పెద్ద టార్పాలిన్.

"ఇదెంత?"

"డెబ్బై తొమ్మిది, మిస్ యూలలీ. డెబ్బై అయిదు దాటింది, పన్ను పడుతుంది."

"ముప్పై ఎనిమిదివి రెండు తెస్తే?"

"పడదు."

"ఆ రెండూ కలిపితే దీనికంటే పెద్దవి కదే. చదువుకున్నవాళ్ళు పెట్టిన లెక్కే ఇది?"

టార్పాలిన్‌ను భుజాన వేసుకుని వెనక్కి వెళ్ళి, మార్చుకుని తెచ్చింది. వరసలో వెనక ఉన్నవాళ్ళు గొణుక్కున్నారు. ఆవిడ చెవిన వేసుకోలేదు. బాటరీల ధర అరలో ఒకటి, యంత్రంలో ఒకటి కనిపించాయని ఇరవై సెంట్ల కోసం అయిదు నిమిషాలు నిలదీసింది. వెర్నాకు తల ప్రాణం తోకకు వచ్చింది. ఆఖరున యూలలీ ఒక నారింజ రంగు ఎక్స్‌టెన్షన్ వైరు చుట్టను రెండు చేతులా ఎత్తి పెట్టింది. బొటనవేలంత లావు, వంద అడుగులు.

ఇక దీనికి ఎంతసేపు వాదిస్తుందో అనుకుంటూ వెర్నా చెప్పింది, "ఇది జాబితాలో లేదండీ. పన్ను పడుతుంది."

"తెలుసు."

"యాభై అడుగులదైతే ధర కూడా తక్కువ."

"దూరం కొలిచాం. ఇదే కావాలి."

ఆరున్నర డాలర్ల పన్ను. ఇరవై సెంట్ల కోసం రచ్చ చేసిన మనిషి పర్సు తీసి, నోట్లూ చిల్లరా సరిగ్గా లెక్కపెట్టి, ఒక్క మాట అనకుండా ఇచ్చేసింది. వెర్నా బిల్లు చింపి ఇస్తూ ఆమె మొహంలోకి చూసింది. ఆ మొహంలో ఏమీ కనబడలేదు.

మధ్యాహ్నం తిండివేళ వెర్నా తన కోసం నలభై డాలర్ల ఐస్ పెట్టె ఒకటి కొని కౌంటరు కింద పెట్టుకుంది. తల్లి మందు దాచడానికి. పోయిన తుఫానుకు పాత ఊళ్ళో నాలుగు రోజులు కరెంటు లేక, ఫ్రిజ్ వెచ్చబడి, ఇన్సులిన్ సీసాలన్నీ పారబోయాల్సి వచ్చింది. అయిదో రోజు తల్లిని ఆస్పత్రికి మోసుకెళ్ళారు. ఈ పెట్టె ఐస్ దొరికినన్నాళ్ళే పనిచేస్తుందని ఆమెకు తెలుసు. తన చేతనైనంత ఇదే మరి.

*

ఆదివారం చర్చి వదిలిన వేళకు యూలలీ మళ్ళీ వచ్చింది. ఈసారి తిన్నగా జనరేటర్ల దగ్గరికి పోయి అన్నిటికన్నా పెద్దదాని ముందు నిలబడింది. తిరిగి చూసింది, వంగి చూసింది, అరచేత్తో పెట్రోలు ట్యాంకు నిమిరింది. తరవాత కౌంటరుకు వచ్చి లావుపాటి కవరు ఒకటి పెట్టింది.

"ఆ పెద్దది. రెండు వేల తొమ్మిది వందల అరవై తొమ్మిది. ఇంటికి పంపించాలి."

వెర్నా బిల్లు కొట్టింది. రవాణా అరవై డాలర్లు కలిపింది. అంతే, తెర మీద పన్ను దాదాపు రెండు వందల యాభై డాలర్లు వచ్చి కూర్చుంది. ఆమె చెరిపి మళ్ళీ కొట్టింది. మళ్ళీ అదే. మేనేజరు రాయిస్‌ను పిలిచింది.

రాయిస్ ముప్పై ఏళ్ళవాడు, చెడ్డవాడేమీ కాదు. కాగితం చూసి తల గోక్కున్నాడు. "రవాణా ఖర్చు కూడా ధర కిందికే వస్తుంది వెర్నా. కలిపితే మూడు వేలు దాటింది. దాటితే మొత్తానికీ పన్ను కట్టాల్సిందే. రూలు నేను రాసింది కాదు."

"ముందు ఇది కొనుక్కుని, రవాణాకి వేరే బిల్లు చేయించుకుంటే?" అంది యూలలీ.

"రెండు కాగితాలు చేసినా ఒకటే లెక్కండీ. మీరే తీసుకెళ్తే పన్ను లేదు."

ఆ మాట అంటూండగానే పక్క కౌంటరులో ఒకాయన సరిగ్గా అలాంటివే రెండు కొన్నాడు. ఒకటి ఇంటికట, ఒకటి చెరువు దగ్గర చేపలు పట్టే విడిదికట. బయట ఏనుగంత ట్రక్కు. పన్ను సున్నా. వెర్నా చూస్తూ ఊరుకోలేకపోయింది. "సార్, ఈవిడదీ మీ ట్రక్కులో వేసుకుని ఈస్ట్ బయూ వీధిలో దింపుతారా? మైలున్నర."

"నేను అటువైపు పోవడం లేదమ్మా," అన్నాడాయన మర్యాదగానే.

ట్రక్కు ఉన్నవాడికి పన్ను లేదు, లేనివాడికి ఉంది. వెర్నా ఆ దుకాణంలో ఎన్నో రూళ్ళు చూసింది గానీ ఇంత ముచ్చటైనది చూడలేదు.

"మీ వీధిలో ఎవరికీ ట్రక్కు లేదా?" అని మెల్లగా అడిగింది.

"రెండున్నాయి. ఒకటి గేర్‌బాక్సు విప్పేసి దిమ్మల మీద ఉంది. రెండోదాన్ని రిఫైనరీ పనికని కుర్రాడు తీసుకుపోయాడు, రెండు వారాలకు గానీ రాడు." యూలలీ కవరు వెనక్కి తీసుకుంది. "మా ఆయనకి ఆక్సిజన్ మిషను లేకపోతే గడియ గడవదు, పిల్లా. పోయిన తుఫానుకి కారులో కూర్చోబెట్టి, ఇంజను ఆపకుండా మిషను నడిపాం. మూడో రోజుకి పెట్రోలు అయిపోయింది. ఆ సాయంత్రం కరెంటు రాకపోతే నేనివాళ విధవని. ఇందులో రెండు వందల యాభై ఎక్కువుంటే ఇచ్చేసేదాన్ని. లేవు."

"రేపొక్కరోజే ఉందండీ."

"తెలుసు. ఎన్ని మిగిలాయి?"

"మూడు."

"ఒకటి ఉంచు. నేనే తీసుకెళ్తాను."

"ఎలా?"

"ఆ పాట్లు నేను పడతాలే," అని యూలలీ టోపీ సర్దుకుని వెళ్ళిపోయింది.

*

సోమవారం పది గంటలకు మూడు రెండయ్యాయి. పన్నెండుకు ఒకటైంది. ఒంటిగంటకు ఇస్త్రీ చొక్కా వేసుకున్న ఒకాయన వచ్చి ఆ ఒక్కదాని చుట్టూ తిరగడం మొదలుపెట్టాడు.

ఎవరి కోసమైనా సరుకు పక్కన పెట్టడం ఈ మూడు రోజులూ నిషేధం. పనివాళ్ళకు మాత్రం, సొంత ఇంటివాళ్ళ కోసమైతే, మూసేవేళ దాకా ఒక వస్తువు ఆపుకునే వెసులుబాటు ఉంది. వెర్నా ఎర్ర చీటీ తీసుకుంది. కలం పట్టుకుని ఒక నిమిషం నిలబడింది. తరవాత దాని మీద తల్లి పేరు రాసి, వెళ్ళి జనరేటరు పిడికి కట్టేసింది. పదకొండేళ్ళుగా ఏదో ఒక దుకాణంలో కౌంటరు వెనక నిలబడుతున్నా ఆమె ఇలాంటి పని చేయలేదు.

రాయిస్ పది నిమిషాల్లో వచ్చాడు. "ఒపల్ ఎవరు?"

"మా అమ్మ."

"మీ ట్రెయిలరుకి ఇంత జనరేటరా?"

"మా అమ్మకే," అంది వెర్నా.

రాయిస్ ఆమెను ఒక క్షణం చూశాడు. "ఏడింటికి మూసేస్తాం. అప్పటికి డబ్బు కట్టి, సరుకు బయటికి పోవాలి. లేకపోతే ఆయనకి ఇచ్చేస్తాను. నువ్వు చెప్పింది నిజం కాదని తేలితే మాత్రం మనిద్దరం కూర్చుని మాట్లాడుకోవాల్సి వస్తుంది వెర్నా. నాకది ఇష్టం లేదు."

సాయంత్రం ఆరైంది. ఆరుంబావు అయింది. వెర్నా బిల్లులు కొడుతోందే గానీ కళ్ళు మాత్రం ముందు తలుపు మీదే ఉన్నాయి. ట్రక్కులు వస్తున్నాయి, పోతున్నాయి. తెల్ల బూట్లు మాత్రం కనబడవు. ఇస్త్రీ చొక్కా ఆయన కార్డు చేతిలో పట్టుకుని పెయింటు డబ్బాల దగ్గర కాచుకుని ఉన్నాడు. ఎందుకు వేలు పెట్టానా అనుకుంది వెర్నా. ఉద్యోగం పోతే అమ్మ మందు ఎలా కొంటాను. ఆ చీటీ విప్పేద్దామని ఒకసారి కౌంటరు దాటి రెండడుగులు వేసి, మళ్ళీ వెనక్కి వచ్చింది.

ఆరూ నలభైకి దుకాణం వెనక వైపు నుంచి పడవ కూత వినబడింది. ఒకసారి పొడుగ్గా, రెండుసార్లు పొట్టిగా.

వెనక సరుకు దించే చోటు దాటితే కాలువ. ఒకప్పుడు సరుకంతా అటునుంచే వచ్చేదట. ఇప్పుడు ఆ గట్టు మీద సిగరెట్లు కాల్చుకోవడం తప్ప వేరే పని ఎవరూ చేయరు. రాయిస్ పెద్ద తలుపు పైకెత్తాడు. వెర్నా అతని వెనకే పరిగెత్తింది.

రొయ్యల పడవ. తెల్లరంగు పెచ్చులూడి, రెండు పక్కలా వల దించే పొడుగాటి చేతులు ఆకాశంలోకి ఎత్తుకుని, గట్టుకు అంగుళాల దూరంలో వచ్చి ఆగింది. దిగుతున్న పొద్దు సరిగ్గా దాని వెనకే ఉంది. వలలు విప్పి పక్కన పెట్టేశారు. యూలలీ మరిది ఆన్సెల్ చక్రం దగ్గర ఉన్నాడు. పడవ మీద పది పన్నెండు మంది నిలబడి ఉన్నారు, ఆడా మగా, అందరూ ఈస్ట్ బయూ వీధివాళ్ళే. ఎవరూ అరవడం లేదు.

యూలలీ గట్టు మీదికి దిగి వచ్చింది. "పన్నెండు అడుగుల లోతుంటే గానీ రానన్నాడు మా మరిది. పోటు కోసం ఆగాల్సొచ్చింది. లేకపోతే మూడింటికే వచ్చేదాన్ని."

"ఇంత చిన్న పడవకి పన్నెండడుగులా?" అన్నాడు రాయిస్.

"పిరికిమనిషి," అంది యూలలీ.

"నాకు వినబడుతోంది వదినా," అన్నాడు ఆన్సెల్ పడవలోంచి.

ఆమె కవరు తీసి వెర్నా చేతిలో పెట్టింది. వెర్నా లోపలికి వెళ్ళి బిల్లు కొట్టింది. రవాణా లేదు. పన్ను దగ్గర తెర మీద సున్నా. ఆ సున్నాను ఆమె ఒక్క క్షణం కళ్ళారా చూసుకుంది.

తిరిగి వచ్చేసరికి రాయిస్ ఎర్ర చీటీ పట్టుకుని ఉన్నాడు. "ఇందులో ఒపల్ అని ఉంది. డబ్బు కట్టింది ఈవిడ."

యూలలీ చీటీ అందుకుని కంటికి దూరంగా పెట్టుకుని చదివింది. వెర్నా వైపు ఒకసారి చూసింది. "ఒపల్ కోసమే," అంది. "డబ్బు మా వీధిది. ఒపల్ మా వీధి మనిషి. ఏం, తప్పా?"

రాయిస్ చీటీ వెనక్కి తీసుకుని, మడిచి జేబులో పెట్టుకున్నాడు. "సరుకుని కొన్నవాళ్ళ బండి దాకా చేర్చడం మా పని," అని తనే సరుకెత్తే ఫోర్కులిఫ్ట్ బండి ఎక్కి జనరేటరును గట్టు చివరికి తెచ్చాడు.

ఆన్సెల్ తాడు అందించాడు. ఇద్దరు దిగి, వల ముడులు వేసే చేతులతోనే, జనరేటరు చుట్టూ నాలుగు ముడులు వేశారు. లాగి చూసి, విప్పి, ఒకటి మళ్ళీ వేశారు. పడవ మీద వలలు లాగే వించి తిరగడం మొదలైంది. నూట అరవై కిలోల ఇనుము గట్టు మీంచి మెల్లగా లేచింది. నీళ్ళ మీద గాలిలో అటూ ఇటూ ఊగింది. పొద్దు వెలుగు పడి దాని ట్యాంకు ఎర్రగా మెరిసింది. దుకాణంలో ఉన్నవాళ్ళంతా, ఇస్త్రీ చొక్కా ఆయనతో సహా, వచ్చి గట్టు మీద కళ్ళప్పగించి నిలబడ్డారు. ఆయన టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. ఆన్సెల్ రెండు వేళ్ళతో మీట పట్టుకుని, పసిపిల్లను ఉయ్యాల్లో పడుకోబెట్టినట్టు దాన్ని డెక్కు మీద దించాడు. చప్పుడు కూడా కాలేదు.

"ఎక్కు," అంది యూలలీ వెర్నాతో. "మైలున్నర నడుస్తావా ఏం?"

వెర్నా ఐస్ పెట్టె చంకన పెట్టుకుని ఎక్కింది. పడవ కాలువ మలుపు తిరిగాక గొంతు తగ్గించి చెప్పింది, "మా అమ్మ పేరుతో అబద్ధం రాశాను. మీరు నన్ను కాపాడారు. లేకపోతే ఉద్యోగం పోయేది."

యూలలీ ఆమెను వింతగా చూసింది. అంతలోనే ఎవరికో తాడు సర్దమని కేకేసింది.

వాళ్ళ వీధిలో కాలువ ఒడ్డునే ఉన్న ఆన్సెల్ పాత వలల కొట్టం ఎనిమిదడుగుల స్తంభాల మీద ఉంది. ఎంత నీళ్ళొచ్చినా అందదు. కప్పు ఉంది, మూడు వైపులా గోడల్లేవు, గాలి ధారాళంగా ఆడుతుంది. జనరేటరును మళ్ళీ వించితోనే పైకి ఎత్తి, ముందే బిగించి ఉంచిన చట్రంలో దించారు. నాలుగు బోల్టులూ నాలుగు రంధ్రాల్లో సరిగ్గా కూర్చున్నాయి. కొలతలు ఎప్పుడు తీసుకున్నారో ఏమో.

వెర్నా మెట్లెక్కి పైకి వచ్చి ఆగిపోయింది. ఒక గోడ పొడుగునా మేకులు. ఒక్కో మేకుకు ఒక్కో లావుపాటి వైరు, చుట్టలు చుట్టి. కింద పెట్రోలు డబ్బాలు, గొడ్డళ్ళు, రేడియోలు, మందుల పెట్టెలు. దేని మీదా ధూళి లేదు. ఏడేళ్ళుగా ప్రతి ఏప్రిల్లో ఇంటికో వస్తువు కొన్నారట, పన్ను లేని మూడు రోజుల్లోనే. ఎవరేం కొనాలో బకెట్లో చీట్లేసి తీస్తారట. మూడేళ్ళుగా మాత్రం చీట్లు ఆపి, అందరూ జనరేటరు కోసమే కూడబెట్టారు. తను రోజూ దీని ముందునుంచే నడిచి పోయింది. పాత వలల కొట్టం అనుకుంది.

ఒక్కో వైరుకూ వల మీద తేలే బెండు ఒకటి కట్టి ఉంది. బెండు మీద పడవ రంగుతో ఇంటి పేరు. బడో. టీల్. మార్చాండ్. ఆమె ఒక్కొక్కటే చదువుకుంటూ పోయింది. ఆఖరి మేకుకు నారింజ రంగు వైరు, వంద అడుగులు. శనివారం తను బిల్లు కొట్టిన వైరు. దాని బెండు మీద ఒపల్ అని ఉంది. వెర్నా వేలితో తాకి చూసింది. రంగు ఎప్పుడో ఆరిపోయింది.

"మీ అమ్మ పొద్దస్తమానం మెట్ల మీద కూర్చుని ఉంటుంది," అంది యూలలీ పక్కకు వచ్చి. "పలకరించకుండా ఎలా పోతాం? మందు ఫ్రిజ్‌లో పెట్టుకోవాలని తనే చెప్పింది. మార్చిలో కొలిచాం. తొంభై రెండు అడుగులు."

"మీరు నాకు చెప్పలేదు."

"నువ్వు ఎప్పుడు ఆగావు గనక?"

వెర్నాకు ఏడుపొచ్చింది. ఆపుకోవాలని కూడా అనిపించలేదు. యూలలీ ఒక బకెట్ తెచ్చి ముందు పెట్టింది. అడుగున మడిచిన చీట్లున్నాయి. "ఏడుస్తూనే తియ్యి. వచ్చే ఏడు నీ వంతు కూడా ఉంది. ఊరికే ఏం కాదు."

వెర్నా చెయ్యి పెట్టి తీసింది. ముప్పై టార్చి బాటరీలు, అని రాసి ఉంది. చీటీని మడిచి చొక్కా జేబులో పెట్టుకుంది.

కొత్త మిషను ఏది వచ్చినా ఆ రోజే నడిపి చూడాలన్నది ఆ వీధి ఆచారం. ఆన్సెల్ జనరేటరు తాడు లాగాడు. రెండోసారికి అందుకుంది. మొదట యూలలీ ఇంట్లో ఆక్సిజన్ మిషను పెట్టి చూశారు. కిటికీలోంచి ఆమె భర్త చెయ్యి బయటికి వచ్చి, బాగుందన్నట్టు బొటనవేలు పైకెత్తి చూపించింది. తరవాత ఒక్కో ఇల్లూ. ఆఖరున నారింజ రంగు వైరు వీధి పొడుగునా నేల మీద పాకుతూ ట్రెయిలరు మెట్లెక్కింది. ఎనిమిదడుగులు ఇంకా మిగిలింది.

వెర్నా ఫ్రిజ్ ప్లగ్గు గోడలోంచి పీకి వైరుకు పెట్టింది. ఒక క్షణం నిశ్శబ్దం. తరవాత ఫ్రిజ్ గుర్రుమని అందుకుంది. ఆమె దాని తలుపు మీద చెయ్యి పెట్టి అలాగే నిలబడిపోయింది.

"కరెంటు పోలేదు కదే," అంది ఒపల్ మంచం మీంచి. "ఇప్పుడెందుకీ హడావిడి?"

"పోకముందే చూసుకోవాలంటమ్మా."

"ఇంత లావు వైరు ఎవరిది?"

"మనదే," అంది వెర్నా. "పన్ను కూడా కట్టాం."